‘ఒక్క నిమిషం అమ్మా’ అని ఆపాను, ఆ నిమిషం మళ్లీ రాలేదు

ప్రశ్న

పేరు బయటపెట్టవద్దని కోరుతూ ఒక యువ వైద్యురాలు పెద్ద ఉత్తరం రాశారు. ఆమెనూ రోగినీ గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆమె వయసు 29. మూడేళ్లుగా ఒక ఆసుపత్రి అత్యవసర విభాగంలో పనిచేస్తున్నారు. మూడు వారాల కిందట, రాత్రి రెండు దాటాక, బాత్రూములో జారిపడిన 71 ఏళ్ల పెద్దాయనను కూతురు తీసుకొచ్చింది. నుదుటి మీద చిన్న గాయం. స్పృహలోనే ఉన్నారు, చక్కగా మాట్లాడుతున్నారు. కూతురు బయట పేరు నమోదు చేయిస్తుండగా నర్సు ఆయననే అడిగింది: ‘ఏమైనా జబ్బులున్నాయా, మందులు వాడుతున్నారా?’ ‘నాకేం జబ్బమ్మా, బలానికి మాత్రలు వేసుకుంటాను, అంతే’ అన్నారాయన. కేస్ షీటులో ‘మందులు: లేవు’ అని పడింది.

పక్క గదిలో రోడ్డు ప్రమాదంలో గాయపడినవాళ్లు ఇద్దరున్నారు. ఈయనకు కుట్లు వేస్తుండగా కూతురు లోపలికి వచ్చి, ‘డాక్టర్ గారూ, నాన్న రోజూ రాత్రి గుండెకి వేసుకునే మాత్ర...’ అని మొదలుపెట్టింది. ‘ఒక్క నిమిషం అమ్మా’ అంటూ ఈమె గ్లవుజు వేసుకున్న చెయ్యి ఎత్తి ఆపారు. అంతలో పక్క గది నుంచి పిలుపు వచ్చింది. వెళ్లి వచ్చి, మిగిలిన కుట్లు వేసి, తలకు దెబ్బ తగిలినప్పుడు ఇచ్చే జాగ్రత్తల కాగితం చేతికిచ్చి ఇంటికి పంపేశారు.

మర్నాడు మధ్యాహ్నం ఆయనను స్పృహ లేని స్థితిలో మళ్లీ తీసుకొచ్చారు. తలలో రక్తస్రావం. ఆ మాత్ర రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేది. శస్త్రచికిత్స చేశారు, బతికారు, స్పృహ వచ్చింది. కుడి చెయ్యి బలహీనపడింది. మాట వెతుక్కుంటూ నెమ్మదిగా వస్తోంది.

నాలుగు రోజుల కిందట వరండాలో కూతురు ఎదురై, ‘ఆ రాత్రి నేను చెప్పబోయింది మీకు వినబడిందా?’ అని అడిగింది. ‘అన్నీ కేస్ షీటులో ఉన్నాయి, పెద్ద డాక్టరు గారు మాట్లాడతారు’ అని చెప్పి ఈమె వచ్చేశారు. సీనియర్‌కు చెబితే, ‘ఇలాంటివి జరుగుతుంటాయి, ఎలాగైనా జరిగేదే. నువ్వు నోరు తెరిస్తే విభాగమంతా ఇరుక్కుంటుంది’ అన్నారు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు మాత్రం విడిగా వచ్చి, ‘ఆ అమ్మాయి ఏదో చెప్పాలని నిలబడే ఉంది మేడమ్, మీరున్న హడావుడి చూసి నేను చెప్పలేకపోయాను’ అంది.

ఉత్తరం చివరి మాటలు ఇవి: ‘ఆమె చేతిలో మందుల కవరు ఉంది. నా చూపు దాని మీద పడింది కూడా. నేను వాళ్లకు నిజం చెప్పాలా? చెబితే ఏమవుతుంది? అసలు నేను ఈ విభాగంలో ఉండదగినదాన్నేనా?’

సమాధానం

అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ ఒకే చోట ఆగిపోయాను: ‘నా చూపు దాని మీద పడింది కూడా’. ఆ మాట రాయకపోయినా మిమ్మల్ని అడిగేవారు లేరు. రాశారు. అందుకే నేను కూడా మీతో ఏదీ దాచకుండా మాట్లాడతాను.

జరిగినవి నిజానికి మూడు: ఆయనకు వచ్చిన కష్టం, ఆ రాత్రి మీరు ఆపిన మాట, నాలుగు రోజుల కిందట వరండాలో మీరిచ్చిన జవాబు. మీరు ఈ మూడింటినీ కలిపి ఒకే మూటగా నెత్తిన పెట్టుకున్నారు. విడదీసి చూస్తేనే ఏది మీదో, ఏది మీది కాదో తెలుస్తుంది.

మొదటిది. మీకు తెలిసినదే అయినా పాఠకుల కోసం చెబుతున్నాను. గుండె లయ తప్పినవారికి గుండెలో గడ్డలు ఏర్పడి పక్షవాతం రాకుండా వార్ఫరిన్, అపిక్సబాన్ వంటి మందులు ఇస్తారు. అవి ప్రాణాలు కాపాడే మందులే. కానీ తలకు దెబ్బ తగిలి పుర్రె లోపల ఒక చిన్న రక్తనాళం చిట్లినా, ఈ మందు ఒంట్లో ఉంటే నెత్తురు త్వరగా ఆగదు. అందుకే ఇలాంటివారు ఎంత కులాసాగా కనిపించినా సీటీ స్కాన్ అవసరమా అని ఆలోచించి తీరాలి. 65 దాటిన వయసు కూడా అటువైపే మొగ్గు చూపే కారణం. రేపు ఎవరైనా విచారించినప్పుడు, మందు సంగతి తెలియకపోయినా వయసు చూసైనా ఎందుకు ఆలోచించలేదని అడగవచ్చు. ఆ ప్రశ్నకు సిద్ధంగా ఉండండి.

ఆ రాత్రి స్కాన్ తీసి ఉంటే రక్తస్రావం కనిపించేదా? కనిపించి ఉండవచ్చు. మొదటి స్కాన్‌లో ఏమీ లేకుండా గంటల తర్వాత బయటపడేవీ ఉన్నాయి. మందు సంగతి తెలిస్తే ఆయనను కొన్ని గంటలు మీ కళ్ల ముందే ఉంచుకునేవారు, పరిస్థితి మారగానే మందు ప్రభావాన్ని తగ్గించే చికిత్స మొదలయ్యేది. ఇంతవరకే గట్టిగా చెప్పగలం. ‘ఎలాగైనా జరిగేదే’ అన్న మీ సీనియర్ మాటకు ఆధారం లేదు. ‘నా వల్లే ఆయన చెయ్యి పడిపోయింది’ అని మీరు అనుకుంటుంటే దానికీ లేదు.

రెండోది, ఆ రాత్రి సంగతి. పెద్దాయన అబద్ధం చెప్పలేదు. రోజూ వేసుకునే మాత్రతో ఏ బాధా తెలియనివారికి తమకున్నది జబ్బుగా తోచదు, ఆ మాత్ర మందుగా తోచదు. పైగా ఒకే ఊపిరిలో రెండు ప్రశ్నలు అడిగితే రెండోదానికి జవాబు పైపైనే రావచ్చు. ‘రోజూ వేసుకునే మాత్రలు ఏవేవి? రక్తం పలచబడటానికి ఏమైనా ఇచ్చారా?’ అని అడిగితే వేరే జవాబు వచ్చేదేమో. ఇక ‘లేవు’ అన్న మాట కాగితం ఎక్కాక దానికొక అధికారం వచ్చేస్తుంది. ఎదురుగా కవరు పట్టుకుని నిలబడిన మనిషికంటే అదే నమ్మదగినదిగా కనిపిస్తుంది. ఇదంతా మీ ఒక్కరి లోపం కాదు. విచారణ జరిగితే ఇవన్నీ బయటికి రావాలి, అవి వచ్చాయని మిమ్మల్ని వెనకేసుకొచ్చినట్టు కాదు.

కానీ చెయ్యి ఎత్తింది మీరు. దాన్ని మాత్రం వ్యవస్థ మీదికి నెట్టలేము.

మనం వైద్యులం వినడాన్ని మర్యాద కింద లెక్కేస్తాము. తీరిక ఉంటే చేసేది, రద్దీలో వదిలేసేది అనుకుంటాము. 1975లో బ్రిటన్‌లో జరిగిన ఒక చిన్న అధ్యయనంలో, ఆసుపత్రి ఔట్‌పేషెంట్ విభాగానికి కొత్తగా వచ్చిన 80 మందిలో 66 మంది విషయంలో వైద్యులు చివరికి తేల్చిన జబ్బు, పంపిన డాక్టరు లేఖ చదివి, రోగి చెప్పింది విన్న దశలోనే ఊహించినది. అప్పటికి చెయ్యి వేసి పరీక్షించనైనా లేదు. అంటే వినడమే మొదటి పరీక్ష. అయినా 1984లో అమెరికాలో వైద్యుల సంభాషణలు రికార్డు చేసి చూస్తే, రోగి మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే అడ్డు తగిలారు. 2004లో అక్కడే ఒక బోధనాసుపత్రి అత్యవసర విభాగంలో చూస్తే అది 12 సెకన్లు. ఆపకపోతే రోగులు గంటలు మాట్లాడతారన్నది మన భయం. 2002లో స్విట్జర్లాండ్‌లో 335 మందిని అడ్డుకోకుండా మాట్లాడనిచ్చి గడియారం పెట్టి చూశారు. సగటు 92 సెకన్లు. నూటికి 78 మంది రెండు నిమిషాల లోపే చెప్పదలుచుకున్నది ముగించారు. అది అత్యవసర విభాగం కాదు, నిజమే. కానీ మీ రోగి కూతురికి 92 సెకన్లు కూడా అక్కర్లేదు. మందు పేరు చెప్పి కవరు మీ చేతికివ్వడానికి పది సెకన్లు చాలేవి.

మూడోది వరండా. నా దృష్టిలో మీరు ఎక్కువ ఆలోచించవలసింది దీని గురించే. ఆ రాత్రి పక్క గదిలో ప్రాణాల మీద ఉన్న మనుషులున్నారు, మీరు వినలేకపోయారు. వరండాలో మాత్రం మీరు పూర్తిగా విన్నారు, విని కాగితం చాటుకు వెళ్లారు. ‘అన్నీ కేస్ షీటులో ఉన్నాయి’ అన్నారు కానీ ఆమె అడిగిన ఆ ఒక్కటే అందులో లేదు. ఆమెకు ఆ సంగతి తెలుసు. ఆమె మిమ్మల్ని సమాచారం అడగలేదు. తాను చెప్పబోయిన మాట నిజంగానే నోరు దాటి బయటికి వచ్చిందా అని అడిగింది. ఈ మూడు వారాల్లో ‘నేను ఇంకొంచెం గట్టిగా చెప్పి ఉండాల్సింది’ అని ఎన్ని రాత్రులు తనను తాను తిట్టుకుందో ఊహించండి. ఆ భారం దించగలిగేవారు లోకంలో మీరొక్కరే.

ఇక మీ ముందున్న దారులు.

మాట్లాడకుండా ఉండిపోవచ్చు. చాలామంది చేసేది అదే, వాళ్లంతా చెడ్డవాళ్లు కారు. కొంతకాలానికి ఆయన ఇంటికి వెళ్తారు, వరండా ఖాళీ అవుతుంది. కానీ అనుమానం ఉన్న కుటుంబం జవాబు దొరకనప్పుడు జవాబు రప్పించే మార్గాలు వెతుకుతుంది. ఫిర్యాదులకూ దావాలకూ దారితీసేవాటిలో డబ్బు ఒక్కటే కాదు, ‘మాకు ఎవరూ ఏమీ చెప్పలేదు’ అన్న బాధ కూడా ఉంటుంది. అప్పుడు మీరు ఇవే మాటలు ప్రమాణం చేసి చెప్పవలసి వస్తుంది, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న అదనంగా వస్తుంది. అంతకంటే పెద్ద నష్టం, ‘మందులు: లేవు’ అన్న గడి అలాగే ఉండిపోతుంది. రేపు రాత్రి ఇంకొక పెద్దాయన వస్తాడు.

లేదా ఈ రాత్రే ఒంటరిగా వెళ్లి అంతా చెప్పేయవచ్చు. మీ ఉత్తరం చూస్తే మీ మనసు అటే లాగుతోందనిపిస్తుంది. దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఇందులో రెండు ప్రమాదాలున్నాయి. అలసటలో, కన్నీళ్లలో, తేలనిదాన్ని కూడా తేలిపోయినట్టు చెప్పేస్తారు. రేపు పరిశీలనలో వేరేగా తేలితే ఆ కుటుంబం రెండోసారి మోసపోయినట్టు అవుతుంది. రెండోది, మీరు కుప్పకూలితే ఆమె మిమ్మల్ని ఓదార్చవలసి వస్తుంది. ఆమె మీద ఆ బరువు పెట్టకండి.

మూడో దారి నెమ్మదైనది. జరిగినదాన్ని సంఘటన నివేదికగా రాతపూర్వకంగా ఇచ్చి, సీనియర్ వైద్యులు, నర్సింగ్ బాధ్యులు, మీరు కలిసి కుటుంబంతో కూర్చోవడం. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రులు 2001 నుంచి ఇలాంటి పద్ధతి పాటిస్తున్నాయి: తప్పు జరిగితే తామే చెప్పడం, క్షమాపణ కోరడం, తగిన పరిహారం ఇవ్వడం. ఆ తర్వాత అక్కడ దావాలు పెరగలేదు, తగ్గాయి. ఆ ఒక్క పద్ధతి వల్లే తగ్గాయని ఖాయంగా చెప్పలేకపోయినా, ‘నోరు తెరిస్తే మునుగుతాము’ అన్న మీ సీనియర్ భయానికి అది గట్టి జవాబు. ఇంగ్లండ్‌లో 2014 నుంచి ఆసుపత్రులు ఇలా చెప్పడం చట్టరీత్యా బాధ్యత. కొన్నిచోట్ల క్షమాపణను తప్పుకు సాక్ష్యంగా వాడకుండా రక్షణ ఉంది, కొన్నిచోట్ల సానుభూతి మాటలకే ఉంది. మీరున్న చోట ఏ నియమం ఉందో కూర్చోబోయే ముందు తెలుసుకోండి, మీ వృత్తి బీమావారిని అడగండి. ఈ దారిలో ఉన్న అపాయం ఆలస్యం. సమావేశం వాయిదా పడుతూ, చివరికి ఎవరో రాసిచ్చిన ‘చింతిస్తున్నాము’ అన్న ఒక్క వాక్యంగా మిగలవచ్చు. అలా కాకూడదంటే తేదీ అడిగి రాయించుకోండి. సీనియర్ కదలకపోతే విభాగాధిపతి దగ్గరికి, రోగుల భద్రత చూసేవారి దగ్గరికి వెళ్లండి. ఆయన మీ మీద కోపగించవచ్చు, డ్యూటీలు ఇబ్బందిగా వేయవచ్చు. జరగదని నేను హామీ ఇవ్వలేను.

నాకు మూడో దారి మీదే మొగ్గు. కానీ తేదీ వచ్చేదాకా వరండాలో ముఖం చాటేయవద్దు. ఆమె ఎదురైతే ఇంతమాత్రం ఇప్పుడే చెప్పవచ్చు: ‘మీరు అడిగింది సరైన ప్రశ్న. ఆ రోజు నేను సరిగ్గా జవాబివ్వలేదు. అన్నీ చూసుకుని ఫలానా రోజు మీతో, నాన్నగారితో కూర్చుని చెబుతాము.’

ఒక్కటి ఏ దారిలోనైనా చేయకూడదు: కేస్ షీటును ఇప్పుడు దిద్దడం. ఏదైనా చేర్చవలసివస్తే ఈ రోజు తేదీ, సమయం వేసి, తర్వాత చేర్చినదని రాసి, సంతకం చేయండి.

మీ ఉత్తరమంతా కూతురి చుట్టే తిరిగింది. పెద్దాయనకు స్పృహ వచ్చిందని మీరే రాశారు. చెయ్యి ఆయనది, మాట ఆయనది. ఆయన అర్థం చేసుకోగలిగే స్థితిలో ఉంటే వినే మొదటి హక్కు ఆయనదే, కూతురి ముందు చెప్పాలా వద్దా అన్న నిర్ణయం కూడా ఆయనదే. మాట తడబడుతోందంటే అర్థం కావడం లేదని కాదు. చికిత్స చేస్తున్న స్పీచ్ థెరపిస్టును ముందే అడగండి.

అక్కడ కూర్చున్నప్పుడు ఏమనాలి? నేనైతే ఇలా అంటాను: ‘ఆ రాత్రి మీ అమ్మాయి మీ మందు గురించి చెప్పబోయింది. నేను ఆపాను. తిరిగి అడగలేదు. ఆమె చేతిలో కవరు ఉండటం చూశాను. అడిగి ఉంటే మిమ్మల్ని ఇంటికి పంపేముందు స్కాన్ గురించి ఆలోచించేదాన్ని. దానివల్ల ఎంత తేడా వచ్చేదో నాకు ఖచ్చితంగా తెలియదు. ఆపినందుకు క్షమించమని కోరుతున్నాను.’ తర్వాత ఆగండి. ఎంతమంది రోగులున్నారో, ఎన్ని గంటలుగా నిద్రలేదో చెప్పకండి. వాళ్లు అడిగితే చెప్పండి. వాళ్లు కేకలు వేయవచ్చు, లేచి వెళ్లిపోవచ్చు, ఏమీ అనకపోవచ్చు. క్షమిస్తేనే మీ మనసు కుదుటపడుతుందని అనుకుని వెళ్తే మాత్రం వెళ్లవద్దు, ఇంకొంచెం ఆగి వెళ్లండి.

నర్సు మాట కూడా నన్ను వదలడం లేదు. ‘మీరున్న హడావుడి చూసి చెప్పలేకపోయాను.’ నేను అత్యవసర విభాగంలో చేరిన కొత్తలో, ఒక రాత్రి జ్వరంతో ఒక పిల్లవాడిని తీసుకొచ్చారు. మగతగా ఉన్నాడు, జ్వరానికి మందిచ్చి పంపేద్దామనుకున్నాను. వాడి నాయనమ్మ ‘వీడు ఇలా ఉండే పిల్లాడు కాదు’ అంటోంది. రెండుసార్లు అంది, నేను తల ఊపాను. మా పెద్ద నర్సు ఒక స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చుని, ‘ఎలా ఉండేవాడు?’ అని అడిగింది. ఆమె చెప్పింది విని నా దగ్గరికి వచ్చి, ‘నాకు భయంగా ఉంది డాక్టర్, మళ్లీ చూడండి’ అంది. మెదడు పొరలకు ఇన్ఫెక్షన్. బతికాడు. ఆమె ఆ మాట అనగలిగింది తన ధైర్యం వల్లే, నా దగ్గర ఆ చనువు ఉండటం వల్ల కాదు. మీ నర్సుకు ఆ చనువు మీరిప్పుడు ఇవ్వవచ్చు. ఈ వారమే ఆమెను కూర్చోబెట్టి, ‘ఇకమీదట నన్ను ఆపు. పది మంది ముందైనా ఆపు’ అని చెప్పండి. తర్వాత ఆమె నిజంగా ఆపిన రోజున విసుక్కోకండి, ఆ ఒక్కసారితో మళ్లీ మొదటికొస్తుంది.

కుటుంబానికీ అలాంటి తలుపు ఒకటి ఉండాలి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 2013లో, ఇంగ్లండ్‌లో 2024లో మొదలైన పద్ధతుల్లో, రోగి పరిస్థితి దిగజారుతోందని, తమ మాట ఎవరూ పట్టించుకోవడం లేదని అనుకున్న కుటుంబసభ్యులే వేరే వైద్య బృందాన్ని పిలిపించుకోవచ్చు. రెండూ పిల్లలను పోగొట్టుకున్న తల్లిదండ్రుల పోరాటం నుంచి పుట్టినవే.

రేపటి డ్యూటీకి పనికొచ్చేది చెబుతాను. ‘ఒక్క నిమిషం’ అనకుండా ఆ గదుల్లో పని నడవదు, అనండి. అన్నప్పుడల్లా మంచం నంబరు చేతి మీదైనా రాసుకోండి, ఆ అప్పు తీరాకే కొట్టేయండి. ప్రాణాపాయంలో ఉన్నవారి దగ్గర మీకు చెవి ఖాళీ లేకపోతే, వెంట వచ్చినవారితో మాట్లాడే పని ఒక మనిషికి అప్పగించండి. ఇంటికి పంపేముందు కాగితం ఇచ్చి ఊరుకోకుండా, ‘ఇంటికెళ్లాక ఏం కనిపిస్తే మళ్లీ వస్తారో నాకు చెప్పండి’ అని వాళ్ల నోటితో చెప్పించుకోండి, ‘నాకు చెప్పాలనుకుని మిగిలిపోయింది ఏముంది?’ అని అడగండి. ఆ రాత్రి ఈ ప్రశ్న వేసి ఉంటే కవరు తెరుచుకునేది.

ఈ విభాగంలో ఉండదగినదాన్నేనా అని అడిగారు. ఈ నెలలో ఆ నిర్ణయం తీసుకోకండి. నిద్ర లేని కళ్లతో చూస్తే ఏ పనికీ తగనట్టే కనిపిస్తాము. ఆ సమావేశం అయ్యాక, కొన్ని వారాలు గడిచాక కూడా వెళ్లిపోవాలనిపిస్తే వెళ్లండి, అది ఓటమి కాదు. ఈలోగా ఇదంతా ఒంటరిగా మోయకండి, నమ్మిన ఒక సహోద్యోగికో మానసిక వైద్యులకో చెప్పండి. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే చెప్పండి, మర్నాటికి వాయిదా వేయకండి.

కూర్చునే రోజు ఫోను బయట ఎవరికైనా ఇచ్చి వెళ్లండి. ఆయనకు మీ ముఖం కనిపించేలా, ఆయన కళ్ల ఎత్తులో కుర్చీ వేసుకోండి. చిన్న వాక్యాల్లో చెప్పండి. ఆయన ఏదైనా అనబోతే మాట మధ్యలో తెగుతుంది, చాలాసేపు రాకపోవచ్చు, ఏ మాట కోసం వెతుకుతున్నారో మీకు తెలిసిపోతుంది కూడా. ఆ మాట మీరు అందించకండి. ఆయనే చెప్పేదాకా కూర్చోండి.